దసరా సేల్‌కి ముందు మేనకోడలికో ఉత్తరం

తల్లీ,

పీజీ ఖాళీ చేసి బెంగళూరు కగ్గదాసపురలో ఇల్లు తీసుకున్నావనీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపు అన్నీ దసరా సేల్‌లో ఆన్‌లైన్‌లోనే కొనబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. నీ జీతంతో నీ ఇల్లు నువ్వే అమర్చుకుంటున్నావంటే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఐదారు ఆర్డర్లు పెడతావు. ఒక్కోదానికీ కన్ఫర్మేషన్, షిప్పింగ్, డెలివరీ అంటూ మెయిళ్లు కుప్పపడతాయి. ఆ కుప్పలో దొంగ మెయిలు ఒకటి దూరితే కంటికి ఆనదు. నువ్వు నిజంగానే పార్సిల్ కోసం ఎదురుచూస్తుంటావు కాబట్టి, వాడు లక్షమందికి గుడ్డిగా పంపింది కూడా నీకే రాసినట్టుంటుంది.

ఓటీపీ ఎవరికీ చెప్పకు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మెయిల్లో వచ్చిన ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

పంపినవాడి పేరు చూసి నమ్మకు, ఆ పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. జీమెయిల్‌లో పేరు కింద ‘టు మీ’ పక్కనున్న చిన్న బాణం నొక్కితే అసలు అడ్రసు బయటపడుతుంది. లింకు అయితే దానిమీద వేలు నొక్కిపట్టు, తెరవకముందే అడ్రసు కనిపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ తర్వాత ఉండే జంట గీతలు వదిలేసి, ఆపైన వచ్చే మొదటి స్లాష్ దగ్గర ఆగు. అక్కణ్ణుంచి వెనక్కి చదువు. ‘అమెజాన్ డాట్ ఇన్ డాట్ రీఫండ్-డెస్క్ డాట్ షాప్’ అని ఉందనుకో, దాని యజమాని రీఫండ్-డెస్క్ అనేవాడు. ముందున్న అమెజాన్ అలంకారం మాత్రమే. హెచ్‌టీటీపీఎస్ ఉందని కూడా ధైర్యపడకు. దారిలో ఎవరూ చదవకుండా అది కాపాడుతుంది, అవతలున్నవాడు దొంగైనా సరే. బ్యాంకు పేరుతో వచ్చే లింకుల్ని పోల్చుకోవడం మాత్రం ఇప్పుడు కాస్త తేలిక. బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే అడ్రసులకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది.

స్పెల్లింగ్ తప్పుల్ని బట్టి దొంగను పట్టే రోజులు పోయాయి. ఇప్పుడొచ్చేవి అచ్చుతప్పు లేకుండా ఉంటున్నాయి, తెలుగులో కూడా.

నాకు నిద్రపట్టనివ్వనిది ఒక్క పొరపాటు. చదువుకున్న పిల్లలు కూడా చేస్తున్నారు. మెయిల్లో ఉన్న నంబరుకి తామే ఫోన్ చెయ్యడం.

మెయిలు ఇలా ఉంటుంది: ‘మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది. మొబైల్ ఫోన్, 74,999 రూపాయలు. ఇది మీరు పెట్టిన ఆర్డర్ కాకపోతే 24 గంటల్లో కస్టమర్ కేర్‌ని సంప్రదించండి.’ కింద నంబరు. లింకు ఉండదు. మహా అయితే ఒక పీడీఎఫ్ బిల్లు. పట్టుకోవడానికి లింకే లేకపోయేసరికి స్పామ్ ఫిల్టర్ కూడా చాలాసార్లు వదిలేస్తుంది. అప్పటికి నీ డబ్బు ఒక్క రూపాయి కూడా పోలేదు. పోయిందేమోనన్న కంగారులో ఫోన్ చేస్తావు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే వెయ్యి అనుమానాలు పడతావు గానీ, నీ అంతట నువ్వు చేసిన ఫోన్ మీద అనుమానం రాదు. అవతల ఎంతో మర్యాద. నీ యాస పోల్చుకుని తెలుగులోకి దిగుతాడు. పరాయి ఊళ్లో మన మాట వినబడితే మనసు మెత్తబడుతుంది కదా, అది వాడికీ తెలుసు.

‘క్యాన్సిల్ చేసేస్తాను మేడమ్, ఒక చిన్న యాప్ వేసుకోండి’ అంటాడు. ఎనీడెస్క్ లాంటి స్క్రీన్ షేరింగ్ యాప్ అది. యాప్ దొంగది కాదు, ప్లేస్టోర్‌లో దొరికేదే, అందుకే ఫోన్ దాన్ని దొంగ యాప్ అని పట్టుకోదు. అది చూపించే కోడ్ చెప్పి, ‘అలో’ నొక్కావంటే నీ స్క్రీన్ మీద జరిగేదంతా వాడు చూస్తుంటాడు. ఓటీపీ నువ్వు నోరు విప్పి చెప్పక్కర్లేదు, పైనుంచి మెసేజ్ దిగగానే చదివేసుకుంటాడు. ఈ మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకుల్ని హెచ్చరించింది, అయినా నడుస్తూనే ఉంది. ఆ తర్వాత యూపీఐ తెరిపిస్తాడు. ‘మీ రీఫండ్ కోడ్ 48765, ఆ గడిలో కొట్టండి’ అంటాడు. ఆ గడి ఏమిటో చూశావా? అమౌంట్ గడి! కోడ్ అనుకుని కొట్టింది నలభై ఎనిమిది వేల ఏడువందల అరవై ఐదు రూపాయలు. కింద పిన్ అడుగుతుంది. ‘వెరిఫికేషన్‌కి’ అంటాడు.

నువ్వు తెలివిగలదానివే, తొందరొక్కటే నీ శత్రువు. చిన్నప్పుడు ప్రశ్న చివరిదాకా చదవకుండానే జవాబు మొదలుపెట్టేదానివి. అయినా ఫస్టు మార్కే వచ్చేది, ఆ ధీమా ఇంకా పోలేదు. ఇక్కడ మాత్రం అలా కుదరదు, బంగారం. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రి పదింటికి అలాంటి మెయిలు చూస్తే మూసెయ్యి. నీ చేత్తో యాప్ తెరువు, ‘మై ఆర్డర్స్’ చూడు. అమెజాన్‌లో అయితే అకౌంట్‌లో మెసేజ్ సెంటర్ అని ఉంటుంది, వాళ్లు పంపిన మెయిళ్లు అక్కడ కూడా కనిపిస్తాయి. తర్వాత బ్యాంకు యాప్‌లో స్టేట్‌మెంట్ చూడు. డబ్బు కట్ కాకపోతే పడుకో. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే యాప్‌లోని హెల్ప్ నుంచే మాట్లాడు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికినా అదే గోతిలో పడతావు, దొంగ నంబర్లు అక్కడా పైనే తేలుతుంటాయి.

డెలివరీ బాయ్‌నంటూ ఎవడైనా ఫోన్ చేసి ‘స్టార్ 401’తోనో ‘స్టార్ 21’తోనో మొదలయ్యే నంబరు డయల్ చెయ్యమంటే చెయ్యకు. నీ కాల్స్ వాడి ఫోన్‌కి మళ్లిపోవచ్చు, కాల్‌లో వచ్చే ఓటీపీలతో సహా. పొరపాటున చేసేస్తే వెంటనే ##002# కొట్టు, ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది. అడ్రసు సరిగ్గా లేదు, ఐదు రూపాయలు కడితే మళ్లీ పంపిస్తామనే పోస్టాఫీసు మెసేజ్ కూడా దొంగదే. వాడికి కావలసింది ఐదు రూపాయలు కాదు, నీ కార్డు వివరాలు. 2022 అక్టోబర్ 1 నుంచి షాపింగ్ సైట్లు మన కార్డు నంబరు దాచుకోకూడదు, దాని బదులు టోకెన్ అనే మారు నంబరే ఉంటుంది. కాబట్టి ‘మీ సేవ్ చేసిన కార్డు మళ్లీ వెరిఫై చెయ్యండి’ అంటూ నంబరు, సీవీవీ అడిగే మెయిలుకి జవాబివ్వకు.

జరగకూడదు గానీ, ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకు. ‘అత్తయ్య తిడుతుంది’ అని ఒక్క రాత్రి ఆగితే ఆ డబ్బు నాలుగు అకౌంట్లు దాటిపోతుంది. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్. డబ్బు చేరిన బ్యాంకులో దాన్ని ఆపించే ఏర్పాటు అక్కడుంది. పన్నెండంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు, టైము, మొత్తం దగ్గర పెట్టుకో. వెంటనే నీ బ్యాంకుకీ చెప్పు. 2017లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, ఓటీపీ మన చేతులతో ఇచ్చినా, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు నష్టం. చెప్పకముందు పోయింది మనది. అందుకే నిమిషాలు లెక్క. ఆన్‌లైన్ కంప్లయింట్ ఆ తర్వాత. సైబర్ నేరాలు చూసే మీ ఏరియా సెన్ పోలీస్ స్టేషన్ ఎక్కడుందో ఇప్పుడే చూసిపెట్టుకో.

ఇంకొక్కటి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ లేకుండానే కార్డు గీకేస్తారు. బ్యాంకు యాప్ తెరిచి ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఆఫ్ చెయ్యి. ఆన్‌లైన్ లిమిట్ ఫ్రిజ్ ధరకి కాస్త పైన పెట్టు. ఈ రెండూ ఈ రాత్రే చేసి, అయ్యాక నాకో మెసేజ్ పెట్టు.

నీ మేనత్త