శైలూకి, సావనదుర్గ ఎక్కబోయే ముందు

శైలూ,

నిన్న రాత్రి హిందూపురం నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు టెంటు కొనిందంట, కొండలెక్కుతాదంట, నువ్వన్నా చెప్పురా" అని గంటసేపు. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మొదలైంది టెన్షన్. నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

శనివారం రాత్రి మంచనబెలె రిజర్వాయరు దగ్గర క్యాంపు, ఆదివారం తెల్లవారగానే సావనదుర్గ కొండ. బాగుంది. బెంగళూరు నుంచి మాగడి రోడ్డు మీద 60 కిలోమీటర్లే కదా. టెంటు అనుమతి ఉన్నచోటే వేసుకోండి. రిజర్వాయరు నీళ్లు చూడ్డానికే, ఈత వచ్చినా దిగొద్దు. మనిషికి 3 లీటర్ల మంచినీళ్లు. కోతుల ముందు సంచి విప్పొద్దు. బండల అంచుల కింద తేనెపట్టులుంటాయి, అక్కడ పొగ పెట్టొద్దు, సెంటు కొట్టుకుని వెళ్లొద్దు. ఇవన్నీ నీకు తెలుసు, మీ అమ్మ తృప్తి కోసం రాశా.

నా భయం వేరే.

సావనదుర్గ ఎత్తు 1226 మీటర్లు. బెంగళూరే దాదాపు 900 మీటర్ల మీద ఉంది, ఇంకెంత మిగిలిందిలే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, 1992లో. పీణ్యాలో పని, యశవంతపురంలో గది, రూమ్మేట్ కేశవ. మెజెస్టిక్ బస్టాండు నుంచి మొదటి బస్సుకే పోదామనుకున్నాం. ఇడ్లీల కోసం నేను ఆగడంతో ఎక్కడం మొదలుపెట్టేసరికి పదకొండు దాటింది. ఏప్రిల్ ఎండ, బండ పెనంలా కాలుతోంది. కేశవ కాళ్లకి ఆఫీసు తోలు చెప్పులు. అవి చూసి కూడా నేనేం అనలేదు.

రెండున్నరకి పడమర మబ్బు పట్టింది. "దిగిపోదాంరా" అన్నాడు. "ఇంత దూరమొచ్చి పైనున్న నందిని చూడకుండానా? పిరికోడా" అన్నాను. ఆ మాటకి వాడు జవాబు చెప్పలేదు. నా వెనకే వచ్చాడు.

నందిని చూశాం. పావుగంటకి చినుకులు, ఆ వెంటనే ఉరుములు. మామిడి జల్లులు నీకు తెలియనివి కావు, పొద్దున్నంతా కాచిన ఎండ సాయంత్రానికి వానై పడుతుంది. ఆ బోడి బండ మీద మనకంటే ఎత్తుగా ఇంకేమీ ఉండదు. పొడిగా ఉన్నప్పుడు ఆ రాయి బూటుని పట్టుకుంటుంది, తడిసిందా, సబ్బే. నీళ్లు పారిన చోట నల్లటి చారలు కనిపిస్తాయి చూడు, అది పాచి. ఎండినప్పుడు కూడా దాన్ని తొక్కకు.

ఎక్కిన దారి ఏదో తెలియలేదు. చిత్రాన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బా నా చేతిలోంచి జారింది. టక్, టక్, టక్ అంటూ పోతూనే ఉంది. ఆ చప్పుడు ఎంతకీ ఆగలేదు. డబ్బా అంతదూరం పోతే మనిషి ఎంతదూరం పోతాడు అని లెక్క వేస్తుండగానే కేశవ జారాడు. ఒక పొద అడ్డం పడింది కాబట్టి సరిపోయింది. మోకాలు చీలిపోయింది. చీకటి పడ్డాక కూర్చుని, దేక్కుంటూ దిగాం. కింద లాంతరు పట్టుకుని ఒక గొర్రెలాయన ఎదురొచ్చి కన్నడంలో తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తర్వాత తన కంబళి తీసి వాడికి కప్పాడు.

కేశవ అందరికీ బాత్రూములో జారానని చెప్పాడు. నా పేరెత్తలేదు. వాడి పెళ్లిలో మోకాలు మడవలేక, పీటల మీద కాలు చాపుకునే కూర్చున్నాడు. పురోహితుడు విసుక్కుంటుంటే నేను భోజనాల వైపు వెళ్లిపోయాను.

నువ్వూ నాలాగే మొండిదానివి, అందుకే రాస్తున్నా. కారెక్కే ముందే నీ స్నేహితురాలితో ఒక మాట అనుకో. ఇద్దరిలో ఎవరు ముందు "దిగుదాం" అంటే వాళ్ల మాటే చెల్లాలి. కారణం అడక్కూడదు, నవ్వకూడదు. పైన నంది పది అడుగుల్లో ఉన్నా సరే. ఆరున్నరకి ఎక్కడం మొదలుపెట్టి పదిన్నరకల్లా కింద ఉండాలి. బూట్ల అడుగు అరిగిపోయి ఉంటే కొత్తవి కొను, డబ్బులు నేనిస్తా.

శుక్రవారం సాయంత్రం మల్లేశ్వరం రా. నా టార్చి తీసుకెళ్దువు గాని. మీ అత్త పులిహోర చేసిస్తానంది. దిగగానే ముందు నాకు ఫోన్ చెయ్యి, మీ అమ్మకి నేను చెప్తా.

డబ్బా మాత్రం తిరిగి తెచ్చివ్వాలి.

మీ మామ