ముందు మొక్క లేకుండా చేసి చూడు

బుజ్జీ,

మొక్కల్లోంచి మందు పదార్థాలు వేరుచేసే పనిలో దిగుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఎంత పొంగిపోయానో! రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, ఇట్టే అంటుకునే ఈథర్ ద్రవం సీసాలే కళ్ల ముందు.

నీడన ఆరబెట్టడం, పొడి కొట్టడం, నానబెట్టడం, వడకట్టడం ఎవరైనా నేర్పుతారు. మొక్క పేరు తెలిసినవాళ్ల చేత ఖాయం చేయించి, ఓ కొమ్మ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) పెట్టించు.

వేడి దగ్గర తొందరపడకు. ఓ మొక్క ఆకులోంచి తీసిన మలేరియా మందు ఆర్టెమిసినిన్ విషయంలో జరిగిందదే. మరిగిస్తే గుణం పోతోంది. ఆకును నీళ్లలో నానబెట్టి రసం పిండమన్న పాత చైనా వైద్యుల మాట పట్టుకుని, చైనా శాస్త్రవేత్త తూ యూయూ 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌కు మారారు. 1971లో ఎలుకల్లో మలేరియాను అణచిన సారం అలా దొరికింది.

ఆ ఈథరే నా భయం. దాని ఆవిరి గాలికన్నా బరువు, బల్ల వెంట పాకిపోయి దూరాన ఉన్న నిప్పునైనా అంటుకుంటుంది. పాత సీసా మూత చుట్టూ తెల్లటి పలుకులు కనిపిస్తే అవి పెరాక్సైడ్లు, పేలతాయి. మూత తిప్పకు, సీసా కదపకు, పెద్దవాళ్లను పిలువు. చాదస్తం అనుకున్నా సరే, ఆ కళ్లద్దాలు తీయకు తల్లీ.

ఇక అసలు సంగతి. నాతో పనిచేసినాయన ఒకడుండేవాడు, మహా చురుకు. వేరు సారాన్ని సిలికా కాలమ్ (సిలికా పొడి నింపిన గొట్టం) ఎక్కించి, హెక్సేన్‌లో కాస్త ఇథైల్ ఎసిటేట్ కలిపిన సాల్వెంట్‌తో, అంటే కరిగించే ద్రవంతో, దింపితే రంగులేని నూనె వచ్చింది. టీఎల్‌సీ పలక (కలిసున్న పదార్థాలను వేర్వేరు మచ్చలుగా చూపేది) మీద ఒకటే మచ్చ. అణువు నిర్మాణం చెప్పే ఎన్‌ఎంఆర్ పరీక్షలో 7.7 దగ్గరొక గీత, 7.5 దగ్గరొకటి, ముచ్చటైన జంట. కొత్త పదార్థమేనని పొంగిపోయాడు. ఇంకా వేరు తెప్పించాడు, నెలల తరబడి దాని వెంటే తిరిగాడు. తీరా చూస్తే అది థాలేట్, ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపే నూనె! సాల్వెంట్ పోయే ప్లాస్టిక్ గొట్టంలోంచి కడుక్కొచ్చింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం వాళ్ల గైడు మీద కోపమొచ్చింది. మొక్క లేకుండా ఒక్కసారి నడిపి చూడమని చెప్పొద్దూ?

నువ్వు ఆ పని ముందే చెయ్యి. మొక్క పొడి వేయకుండా అంతే సాల్వెంట్, అదే కాలమ్, అవే ఫ్లాస్కులు. చివరిదాకా ఆవిరి చేసి అడుగున ఏం మిగిలిందో చూడు. లీటర్ల కొద్దీ సాల్వెంట్ ఇగిరిపోయాక అందులోని పిసరంత మలినం కూడా బయటపడుతుంది. విసుగే, తిట్టుకుంటూ అయినా చెయ్యి. సాల్వెంట్‌కు గాజూ టెఫ్లానూ తప్ప ఇంకేదీ తగలనివ్వకు.

ఆ ఖాళీ టీఎల్‌సీ పలక ఫోటో నాకు పంపు. మచ్చ కనిపిస్తే మీ గైడుకు చెప్పి, ఆనక నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త