పాపకి ఏ గ్లవ్ కొనాలి?

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, ఈమధ్యే సాఫ్ట్‌బాల్ మొదలెట్టింది. ఎలాగూ పెరుగుతుంది కదా అని పెద్ద గ్లవ్ కొనేస్తే సరిపోతుందా? ఇంట్లో వాళ్ళన్న బేస్‌బాల్ గ్లవ్ కూడా ఉంది.

జవాబు: చెప్పులైతే ఒక సైజు పెద్దవి కొన్నా నడిచిపోద్దిగానీ గ్లవ్ విషయంలో మాత్రం అలా చెయ్యకండి, బరువుకి చెయ్యి వాలిపోయి బాల్ వచ్చేసరికి గ్లవ్ మూతపడదు, దాంతో పాపకి భయం పట్టుకుంటుంది. ఈ వయసుకి 11 అంగుళాల గ్లవ్, అటూఇటూ అర అంగుళం చాలు. వాళ్ళన్న గ్లవ్ వద్దులెండి, బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాలే, సాఫ్ట్‌బాల్ 11 లేదా 12 ఉంటది, ఆ గ్లవ్‌లో బాల్ పట్టే చిన్న గుంటలో (పాకెట్‌లో) సరిగ్గా కూర్చోదు.

ఇంకోటి, చాలామంది తికమకపడేది ఇక్కడే, కుడిచేత్తో విసిరే పిల్లలు గ్లవ్ ఎడమ చేతికి వేసుకోవాలి. కొనేముందు పాపనే తొడుక్కుని మూసి చూడమనండి, ఒంటిచేత్తో మూయలేకపోతే అది వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. లెదర్ కొత్తలో గట్టిగానే ఉంటది, రోజూ కాసేపు క్యాచ్‌లు ఆడించి రాత్రి లోపల బాల్ పెట్టి తాడుతో కట్టేయండి, మెత్తబడుతుంది. త్వరగా అవ్వాలని ఓవెన్‌లో మాత్రం పెట్టొద్దు, తోలు పాడైపోద్ది.