ఎంబీబీఎస్ లేకుండా ప్రజారోగ్య పరిశోధనలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్థిక, గణాంక, సమాజ శాస్త్రాలతో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. దళిత, గిరిజన కుటుంబాల ఆరోగ్యంలోని అసమానతలపై పరిశోధన చేస్తానంటోంది. డాక్టరు చదువు లేకుండా ఇందులో ఉపాధి దొరుకుతుందా?
– ఒక తండ్రి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: దొరుకుతుంది. నిజానికి ఆమె చదివిన శాస్త్రాలే ఈ రంగానికి పునాది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గిరిజనుల్లో శిశు మరణాలు 2005-06లో ప్రతి వెయ్యి జననాలకు 62.1 ఉండగా, 2019-21 నాటికి 41.6కు తగ్గాయి, అయినా అప్పటి దేశ సగటు 35.2 మాత్రమే. ఆ తేడా ఇంకా ఎందుకు మిగిలి ఉందో తేల్చాలంటే తల్లి చదువు, ఇంటి ఆదాయం, ఆసుపత్రికి ఉన్న దూరం, అక్కడ ఎదురయ్యే చిన్నచూపు వంటి కారణాల్లో దేని పాత్ర ఎంతో విడదీసి చూడగలగాలి. వైద్య పరిజ్ఞానం ఒక్కటే దీనికి చాలదు.

మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సు మన నగరంలోనే భారతీయ ప్రజారోగ్య సంస్థలోనూ, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. బీఏ వారికి అర్హత ఉందో లేదో ప్రతి సంస్థ నోటిఫికేషన్‌లో విడిగా చూసుకోండి.

అయితే ఫీజు కట్టే ముందు ఏదైనా సర్వే ప్రాజెక్టులో కొన్ని నెలలు క్షేత్ర పరిశోధకురాలిగా పనిచేయమని గట్టిగా సూచిస్తాను. బస్తీలో ఇంటింటికీ తిరిగి, బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ వివరాలు అడగడం ఎంత బాధ్యతతో కూడిన పనో తరగతి గదిలో అర్థం కాదు. పాతబస్తీలో పనిచేయాలంటే ఉర్దూ రావాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి కొంతైనా తెలిస్తే ఎంతో మేలు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన నైతిక మార్గదర్శకాలు గిరిజనులను, సామాజికంగా వెనుకబడిన వారిని ప్రత్యేక రక్షణ అవసరమైనవారిగా గుర్తించాయి. వాటిని ఆమె ఇప్పుడే చదవడం మంచిది.

ఆదాయం సంగతి దాచకుండా చెబుతాను. తొలి ఉద్యోగాలు చాలావరకు కాంట్రాక్టువే, ప్రాజెక్టు ముగిస్తే మళ్లీ వెతుక్కోవాలి. స్థిరమైన పరిశోధక, అధ్యాపక పదవులకు సాధారణంగా పీహెచ్‌డీ అడుగుతారు. అన్నేళ్ల చదువుకు ఇంటి నుంచి ఎంతవరకు ఆసరా ఇవ్వగలరో, వారాల తరబడి ఏజెన్సీ గ్రామాల్లో ఉండవలసి వస్తే మీకు సమ్మతమేనా అన్నది దరఖాస్తుకు ముందే ఆమెతో కూర్చుని మాట్లాడండి.