"మూర్ఖుడు" అన్న మాట కొట్టెయ్యి, అమ్మాయ్

అమ్మాయ్,

1941లో జర్మనీ రష్యా మీద చేసిన దాడి గురించి నువ్వు రాస్తున్న నవలలో పంపిన నాలుగు అధ్యాయాలూ చదివాను. ఫోన్‌లో చదవడం నా కళ్ళ వల్ల కాక వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. మొదటి పేజీ సగంలోనే ఆగిపోయాను. స్టాలిన్ గురించి "ఆ మూర్ఖుడికి ఏమీ అర్థం కాలేదు" అని రాశావు. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

సరిహద్దులో బగ్ నది వంతెన మీద రష్యా ధాన్యం రైలు జర్మనీ వైపు వెళ్ళే సీను బాగుంది, దాన్ని ముట్టుకోకు.

1941 జూన్ 22, ఆదివారం తెల్లవారుజామున 30 లక్షలకు పైగా సైనికులు సరిహద్దు దాటి వస్తారని నీకు తెలుసు. ఎనభై ఏళ్ళ తర్వాత గుంటూరులో కూర్చుని రాస్తున్నావు కాబట్టి తెలుసు. జూన్ 21న స్టాలిన్ బల్ల మీద ఏముందో చూడు. దాడి మే 15న అని ఒకరు చెప్పారు, ఆ తేదీ వచ్చింది, పోయింది, ఏమీ జరగలేదు. చర్చిల్ ఏప్రిల్‌లోనే హెచ్చరించాడు, కానీ ఒంటరిగా పోరాడుతున్న చర్చిల్‌కి రష్యా యుద్ధంలోకి దిగడమే కదా కావాల్సింది, అతని మాట ఎలా నమ్ముతాడు? బ్రిటన్ సంగతి తేల్చకుండా హిట్లర్ రెండో వైపు యుద్ధం పెట్టుకోడన్నది ఆయన లెక్క. సరిహద్దు పడమటికి జరిగాక పాత సరిహద్దు కోటల్లోంచి ఆయుధాలు తీసేశారు, కొత్త సరిహద్దులో కోటలు పూర్తి కాలేదు. ఇంకో ఏడాది గడువు ఆయనకి కావాలి. కావాలి కాబట్టి ఉందనుకున్నాడు.

నేనాయన్ని వెనకేసుకు రావడం లేదు. 1937-39 మధ్య, తన సైన్యంలో ఉన్న అయిదుగురు మార్షళ్ళలో ముగ్గుర్ని పోగొట్టిన మనిషి. నేననేది, మూర్ఖుడు అనేస్తే నువ్వింక రాయడానికేమీ మిగలదని. పాఠకుడు కూడా హాయిగా తనంత తెలివైనవాడు లేడనుకుని పేజీ తిప్పేస్తాడు.

నేను రాసిన ప్రతి కథకీ చేసిన పని చెబుతాను. ఒక్కో పాత్ర పేరు రాసి, పక్కన తేదీ, గంట రాసి, ఆ గంటకి వాడికేం తెలుసో, ఎవరు చెప్పారో, చెప్పినవాడు దేనికి భయపడుతున్నాడో రాసుకో. నీ నవలలో గోలికోవ్ ఒక్క పేరాలో వచ్చి పోయాడు. అసలు నవలంతా అతనిదే! సోవియట్ సైనిక గూఢచారి విభాగానికి అధిపతి. మార్చి 20న పైకి పంపిన నివేదికలో మూడు జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్, మాస్కో, కీవ్ వైపు వస్తాయన్న సమాచారం పెట్టాడు. అన్నీ పెట్టి, చివర్లో మాత్రం ఈ వసంతంలోనే యుద్ధం తప్పదన్న మాటలు ఇంగ్లీషువాళ్ళో జర్మన్లో పుట్టించిన అబద్ధాలుగా చూడాలని తేల్చాడు. ఆ కుర్చీలో అతనికి ముందు కూర్చున్నవాళ్ళలో కొందర్ని కాల్చి చంపారు. జూన్ 17న జర్మన్ విమానదళంలోని తమ మనిషి దాడికి సర్వం సిద్ధమని కబురు పంపితే స్టాలిన్ ఆ కాగితం మీదే బూతు రాసి, వాడు మనల్ని తప్పుదారి పట్టిస్తున్నాడన్నాడు. అది చూసిన అధికారి మర్నాడు ఎలాంటి రిపోర్టు రాస్తాడు? ఆ మర్నాడు రాయి నువ్వు.

ఇది నాకు పుస్తకాల్లో అర్థమైంది కాదు. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే. విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇల్లు. పొద్దున్నే పక్కింటి కుర్రాడు తలుపు కొట్టి, "మాస్టారూ, బుడమేరు నీళ్ళొస్తున్నాయి, సామాన్లు పైకి పెట్టుకోండి" అన్నాడు. నలభై ఏళ్ళ నుంచి ఉంటున్నాను, మా గుమ్మం ఎక్కిన నీళ్ళు లేవు, పుకార్లు పుట్టించకని కసిరాను. మధ్యాహ్నానికి కింది గదిలో పుస్తకాల బీరువా మునిగిపోయింది. ఏలూరు రోడ్డులో విశాలాంధ్రలో ఒక్కొక్కటీ కొనుక్కున్న సోవియట్ పుస్తకాలన్నీ తడిసి ఉబ్బిపోయాయి. దానికి కాదు నా బాధ. నేను కసిరాక ఆ పిల్లవాడు ఎదురింటి తలుపు కొట్టలేదు. అక్కడ ఒంటరిగా ఓ పెద్దావిడ ఉంటుంది. సాయంత్రం పడవలో తీసుకెళ్ళారు, బతికింది. నా ఒక్క కసురు ఎంత దూరం వెళ్ళిందో అప్పుడు చూశాను.

నా ఇరవయ్యారో ఏట గాంధీనగర్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ, 1962లో చైనా యుద్ధానికి నూలు బట్టలతో హిమాలయాలకి పంపిన జవాన్ల మీద కథ రాస్తే, ఒక వారపత్రిక ఎడిటర్ ఏడాదిన్నర దగ్గర పెట్టుకుని, "విలన్ ఎవరో తేలలేదు, ఒక్కణ్ణి తేల్చు" అని తిప్పి పంపాడు. తేల్చలేదు, కథ అచ్చు కాలేదు. ఇప్పటివాళ్ళు మొదటి లైన్లోనే షాక్ ఇవ్వాలంటున్నారు. నీ "మూర్ఖుడు" అక్కణ్ణుంచే వచ్చాడని నా అనుమానం.

ఇంకొకటి. నీ జర్మన్లు అన్నీ తెలిసినవాళ్ళలా ఉన్నారు. వాళ్ళ సైన్యంలో యుద్ధ ప్రణాళికలు చూసే జనరల్ స్టాఫ్ అధిపతి హాల్డర్ ఆగస్టు 11న డైరీలో రాసుకున్నాడు, రష్యాకి 200 డివిజన్లనుకున్నాం, ఇప్పటికే 360 లెక్కపెట్టామని. చలికాలం బట్టలు కూడా అందరికీ సిద్ధం చేసుకోలేదు. ఇటు యుద్ధం రాదనుకున్నవాడూ అటు ఇట్టే గెలిచేస్తామనుకున్నవాడూ, ఇద్దరూ ఉండాలి నీ నవలలో.

మూడో అధ్యాయంలో పావ్‌లోవ్‌ని, ఆ పడమటి సరిహద్దు సేనాపతిని, మళ్ళీ రాయి. శనివారం రాత్రి మిన్‌స్క్‌లో నాటకం చూస్తున్నాడని రాసి వదిలేశావు. అర్ధరాత్రి దాటాక మాస్కో నుంచి ఆదేశం బయలుదేరింది, సిద్ధంగా ఉండండి, కానీ కవ్వింపులకు లొంగకండి అని. రెండు మాటలూ ఒకే కాగితంలో. చాలా దళాలకి అది చేరేలోపే బాంబులు పడ్డాయి, టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. సోవియట్ లెక్కల ప్రకారమే మొదటి రోజు దాదాపు 1,200 విమానాలు పోయాయి, ఎక్కువ నేల మీదే. సరిగ్గా నెలకి, జూలై 22న పావ్‌లోవ్‌ని కాల్చేశారు. కాగితం పంపినవాళ్ళెవరికీ ఆ శిక్ష పడలేదు.

ముందు గోలికోవ్ అధ్యాయం రాయి. ఫోన్‌కి పంపకు, ప్రింటు తీసి పట్టుకురా. బస్టాండులో దిగి సింగ్ నగర్ ఆటో ఎక్కు, ఫ్లైఓవర్ దిగాక ఫోన్ చెయ్యి, ఎదురొస్తాను. తడిసిన పుస్తకాల్లో రెండు మేడ మీద ఎండబెట్టి ఉంచాను, అట్టలు లేవు గానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. తీసుకెళ్దువుగాని.