వానదే తప్పంటే కంపెనీ తప్పించుకోగలదా?

ప్రశ్న: మా ఊరికి ఎగువన ఒక ప్రైవేటు థర్మల్ కేంద్రానికి చెందిన బూడిద చెరువు ఉంది. పోయిన వానాకాలంలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వానకు దాని కట్ట తెగింది. పొలంలో మోటారు దగ్గర పడుకున్న మా నాన్నగారు (52 ఏళ్లు) ఆ బురదలో కొట్టుకుపోయి చనిపోయారు. నాలుగు ఎకరాల్లో మోకాలి లోతు బూడిద మేట వేసింది. ప్రభుత్వం రూ.4 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇచ్చింది. కంపెనీ వాళ్లు ‘ఇది ప్రకృతి విపత్తు, మా తప్పేమీ లేదు, అయినా మానవతా దృక్పథంతో రూ.6 లక్షలు ఇస్తాం’ అంటూ ఒక కాగితం తెచ్చారు. ఇంతకు మించి ఎలాంటి హక్కులూ కోరబోమని అందులో రాసి ఉంది. అమ్మ, తమ్ముడు, నేను ఏం చేయాలి?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ అమ్మగారి చేత, తమ్ముడి చేత కూడా పెట్టనివ్వకండి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి ఆ డబ్బు ఎంత అవసరమో ఎవరికైనా అర్థమవుతుంది. అయినా ‘ప్రకృతి విపత్తు’ అన్న మాటకు లొంగి మీ హక్కు వదులుకోవద్దు. మన దేశంలో ఇలాంటి ఘటనల్లో ఆ మాటకు చట్టం ఇచ్చే విలువ చాలా తక్కువ.

వాన పడింది, కట్ట తెగింది, మేమేం చేస్తామనే వాదన మీ ఎగువన ఉన్న కంపెనీ కనిపెట్టింది కాదు. 1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ ఆనకట్ట తెగి జాన్స్‌టౌన్ పట్టణాన్ని ముంచెత్తింది. 2,209 మంది చనిపోయారు. ఆ రోజు కుండపోత వాన పడిన మాట నిజం. అయితే నీటిని కిందికి వదిలే ఇనుప గొట్టాలను పాత యజమాని తీసేస్తే, తర్వాత కొన్న సంపన్నుల క్లబ్బు మళ్లీ పెట్టించలేదు. బళ్లు నడవడానికి కట్ట పైభాగాన్ని చెక్కి ఎత్తు తగ్గించారు. చెరువులో వదిలిన చేపలు పోకుండా అలుగుకు జల్లెడలు బిగించారు. ఇంత జరిగినా అక్కడి కోర్టుల్లో దైవఘటన వాదనే నెగ్గింది, బాధితులకు క్లబ్బు నుంచి పరిహారం దక్కలేదు. ఆ అన్యాయం చూశాకే అమెరికాలో చాలా కోర్టులు కఠిన బాధ్యత సూత్రం (నిర్లక్ష్యం లేకపోయినా నష్టానికి బాధ్యుడే అనేది) వైపు మొగ్గాయి.

మీ కేసుకు మరింత దగ్గరిది బఫెలో క్రీక్. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బొగ్గు వ్యర్థాలతో కట్టిన అడ్డుకట్ట వానకు తెగింది. 125 మంది చనిపోయారు, 4,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది. అక్కడి కంపెనీ కూడా ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ (దైవఘటన) అనే అంది. బాధితులు సంతకాలు పెట్టకుండా కలిసి దావా వేశారు. సుమారు 600 మందికి 1974లో 1.35 కోట్ల డాలర్లు చెల్లించి ఆ కంపెనీ రాజీకి వచ్చింది. బ్రిటన్‌లోని అబర్‌ఫాన్‌లో 1966 అక్టోబరు 21న బొగ్గు వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వారిలో 116 మంది పిల్లలు. బొగ్గు బోర్డు అధ్యక్షుడు ముందు చెప్పిన కారణం, గుట్ట కింద ఎవరికీ తెలియని సహజ ఊటలున్నాయని. విచారణలో తేలింది వేరు. ఆ ఊటలు పటాల్లోనే ఉన్నాయి, ఊరివాళ్లందరికీ తెలుసు. బాధ్యత మొత్తం బోర్డుదేనని ట్రిబ్యునల్ తేల్చింది.

అచ్చంగా బూడిద చెరువే తెగిన ఘటన అమెరికాలోని టెనెసీ రాష్ట్రం కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరు 22న జరిగింది. సుమారు 42 లక్షల ఘనపు మీటర్ల బూడిద 300 ఎకరాల మీద పరుచుకుంది. ముందు వాననూ చలినీ తప్పుపట్టారు. అసలు లోపం పునాదిలోని మెత్తటి బూడిద పొర మీదే కట్టను పెంచుకుంటూ పోవడంలో ఉంది. ఆ విద్యుత్ కేంద్రాన్ని నడిపే సంస్థ తన సొంత నిబంధనలు పాటించి ఉంటే ఆ లోపం బయటపడేదని చెప్పి, 2012లో ఫెడరల్ జడ్జి బాధ్యతను దానిపైనే మోపారు.

అందుకే ఇలాంటి కేసులో వాన ఎంత పడిందన్నది రెండో ప్రశ్న. వాన పడకముందు ఆ కట్టను ఎలా ఉంచారన్నదే మొదటి ప్రశ్న. దీన్ని మనసులో పెట్టుకుని సాక్ష్యం సేకరించండి.

ఇక చట్టం సంగతి. తన స్థలంలో ప్రమాదకరమైనది పోగేసుకున్నవాడు అది తప్పించుకుని పక్కవాడికి నష్టం చేస్తే, తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడేనని 1868లో ఇంగ్లండ్‌లో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ కేసు చెప్పింది. దానికి దైవఘటన ఒక మినహాయింపు. 1876 నాటి నికల్స్ కేసులో ఆ మినహాయింపు పనిచేసింది కూడా. 1917లో గ్రీనాక్ కేసు వచ్చేసరికి అసాధారణ వర్షం పడిందన్నంత మాత్రాన తప్పించుకోలేరని అదే దేశపు అత్యున్నత న్యాయస్థానం అంది. మన సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లింది. 1984 డిసెంబరులో భోపాల్, సరిగ్గా ఏడాది తిరిగేసరికి 1985 డిసెంబరు 4న ఢిల్లీలో ఓలియం వాయువు లీకు జరిగాక, 1986లో ఎం.సి.మెహతా కేసులో సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని స్థిరపరిచింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి రైలాండ్స్ కేసులోని మినహాయింపులేవీ వర్తించవు, దైవఘటన కూడా. కంపెనీ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ ఉండాలని కూడా ఆ తీర్పులో ఉంది. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయినప్పుడు, మర్నాడే రూ.50 కోట్లు జమచేయమని కంపెనీని జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు విచారించే ప్రత్యేక న్యాయస్థానం) ఆదేశించింది ప్రమాదకర పరిశ్రమకున్న కఠిన బాధ్యత ప్రకారమే.

బూడిద ప్రమాదకర పదార్థం కాదు కాబట్టి ఆ సూత్రం మాకు వర్తించదని కంపెనీ లాయరు తప్పక వాదిస్తారు. దానికి సమాధానం 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టంలోనే ఉంది. సెక్షన్ 17 కింద వేసిన దరఖాస్తులో తప్పు ఎవరిదన్నది చూడకుండానే పరిహారం నిర్ణయించాలి. ‘ప్రమాదం’ అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో ప్రమాదకర పదార్థాలతో పాటు ప్లాంటు, యంత్ర సామగ్రి కూడా ఉన్నాయి. కేవలం యుద్ధం వల్లో, పౌర అలజడి వల్లో జరిగిన వాటినే మినహాయించారు. వాన, వరద ఆ మినహాయింపులో లేవు. ఒకవేళ పాత కఠిన బాధ్యత సూత్రమే వర్తిస్తుందనుకున్నా, ఆ వానను ఎవరూ ఊహించలేరని, ఏ జాగ్రత్తా దాన్ని ఆపగలిగేది కాదని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే, మీది కాదు.

కాబట్టి మీ దారి హరిత ట్రిబ్యునల్. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం కిందకు వస్తాయి. పరిహారం కోసం సెక్షన్ 15 కింద ఐదేళ్లలోపు దరఖాస్తు చేయాలి. తగిన కారణం చూపితే ఆపై మరో 60 రోజులే ఇస్తారు. ఊళ్లో ఎవరైనా సివిల్ కోర్టులో దావా వేద్దామంటే వినకండి. ట్రిబ్యునల్ తేల్చదగ్గ పరిహారం విషయాన్ని సివిల్ కోర్టు విచారించకూడదని సెక్షన్ 29 చెబుతోంది. అక్కడ తిరిగి తిరిగి కాలం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కోరే మొత్తంలో ఒక శాతం ఫీజు, అంటే రూ.20 లక్షలు అడిగితే రూ.20,000. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. లాయరు ఖర్చు గురించి భయపడొద్దు. వరద, పారిశ్రామిక విపత్తు బాధితులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ఇస్తోంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. దీని గురించి బాధితులకు ఎవరూ చెప్పరు, అది బాధాకరం.

కలెక్టరు దగ్గర 1991 ప్రజా బాధ్యత బీమా చట్టం కింద వేసే అర్జీ ఇంకొకటి ఉంది. అది జాబితాలోని ప్రమాదకర పదార్థాలకే, మొత్తం కూడా తక్కువ. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

సాక్ష్యం విషయంలో ఆలస్యం చేయకండి. మొదట వాన లెక్క. వాతావరణ శాఖ నుంచి, మీ మండలంలోని ఆటోమేటిక్ వర్షమాపక కేంద్రం నుంచి ఆ రెండు రోజుల గంటలవారీ లెక్కలు, గత 50 ఏళ్లలో అక్కడ నమోదైన గరిష్ఠాలు ధ్రువీకరించిన ప్రతులుగా తీసుకోండి. అంతటి వాన ఇంతకుముందు ఒక్కసారి పడినా ‘ఊహించలేదు’ అన్న వాదన కూలిపోతుంది. అదే వానకు చుట్టుపక్కల ఎన్ని చెరువుల కట్టలు నిలిచాయో నీటిపారుదల శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఊరి చెరువు నిలిచి, ఇంజినీర్లున్న కంపెనీ కట్ట తెగిందంటే ఆ ఒక్క కాగితమే చాలా మాట్లాడుతుంది.

తర్వాత కట్ట సంగతి. కంపెనీ ప్రైవేటుది కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు, రూ.10 ఫీజుతో, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పెట్టండి. పరిశ్రమ నడపడానికిచ్చిన అనుమతి పత్రం, అందులోని షరతులు, గత ఐదేళ్ల తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, కట్ట డిజైను, ఎత్తు పెంచిన ప్రతిసారీ ఇచ్చిన అనుమతి అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. వ్యాపార రహస్యమని తిరస్కరిస్తే ప్రజాప్రయోజనం చూపి అప్పీలు చేయండి. వచ్చిన కాగితాల్లో వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. కట్ట పైఅంచుకు, నీటి మట్టానికి మధ్య ఎంత ఖాళీ ఉంచాలి, ఎంత ఉంచారు? తేరిన నీటిని బయటికి తీసే బావులు పూడిపోయాయా? అవి పూడితే నీరు కట్టను ఆనుకుని నిలుస్తుంది, కట్ట లోపల తడి మట్టం పెరుగుతుంది, ఊట సన్నటి బూడిదను మోసుకుంటూ బయటికి వస్తుంది, లోపల సొరంగంలా తొలుచుకుపోయి ఒక్కసారిగా కుంగుతుంది. కట్ట అడుగున చెమ్మ, ఊట ముందునుంచే కనిపించాయని చెప్పగలిగే పశువుల కాపరులు, కాంట్రాక్టు కూలీలు ఎవరైనా ఉంటే వారి వాంగ్మూలాలు ప్రమాణ పత్రాలుగా రాయించండి. ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ప్రమాదానికి ముందు వారాల్లో మబ్బు లేని రోజు చిత్రం దొరికితే నీరు కట్టకు ఎంత దగ్గరగా నిలిచిందో కనిపిస్తుంది.

పొలంలో బూడిద ఇంకా తీయకపోతే ఎకరానికి నాలుగు మూలలా, నడుమ లోతు కొలిచి, కొలబద్దతో ఫొటోలు తీయండి. తీసేసి ఉంటే ఒక మడినైనా అలాగే వదలండి. మట్టి, బోరు నీటి నమూనాలు మీరొక్కరే తీస్తే కంపెనీ ఒప్పుకోదు. వ్యవసాయాధికారి, కాలుష్య మండలి అధికారి ఎదుట పంచనామా రాసి తీయించండి. ఫోన్లో తీసిన వీడియోలు వాట్సాప్‌లో పంపుకుని అసలు ఫోన్లో తుడిచేయకండి. అసలు ఫోను దాచి, 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఎంత కోరాలన్నది అంచనా వేయడానికి రోడ్డు ప్రమాద కేసుల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన కొలమానం పనికొస్తుంది. ఉదాహరణకు నాన్నగారి ఆదాయం నెలకు రూ.12,000 అని చూపగలిగితే ఏడాదికి రూ.1,44,000. సొంతంగా వ్యవసాయం చేసుకునేవారికి ఈ వయసులో ముందుముందు పెరిగే ఆదాయం కింద పదిశాతం కలిపితే రూ.1,58,400. మీరు ముగ్గురు ఆధారపడినవారైతే ఆయన సొంత ఖర్చుగా మూడో వంతు తీసేస్తే రూ.1,05,600. 51 నుంచి 55 ఏళ్లవారికి గుణకం (ఏడాది మొత్తాన్ని హెచ్చించాల్సిన సంఖ్య) 11. మొత్తం రూ.11,61,600. ఇది ప్రాణనష్టానికి మాత్రమే. పంట, భూమి బాగుచేసే ఖర్చు, మోటారు, సాగు ఆగిన సీజన్ల ఆదాయం వేరువేరు పద్దులుగా రాయాలి. ట్రిబ్యునల్ చట్టం రెండో షెడ్యూలులో వీటికి చోటుంది. ఆదాయానికి ధాన్యం అమ్మిన రసీదులు, పాల కేంద్రం పుస్తకం, బ్యాంకు ఖాతా పెట్టండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పెళ్లైన అక్కచెల్లెళ్లు, నాయనమ్మ ఉంటే వారి పేర్లూ ఉండాలి. ప్రభుత్వమిచ్చిన రూ.4 లక్షలు మీ హక్కుకు అడ్డు కాదు. ఆ సంగతి దరఖాస్తులో దాచకుండా చెప్పాలని మాత్రం సెక్షన్ 15లోనే ఉంది.

పోలీసులు దీన్ని అనుమానాస్పద మృతిగా మాత్రమే నమోదు చేసి ఉంటే, ఘటన 2024 జులై 1 తర్వాతిదైతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో మరణం కలిగించిన నేరంగా మార్చమని రాతపూర్వకంగా కోరండి. ఆ కేసు తేలేదాకా పరిహారం ఆగదు.

కంపెనీ మనుషులు మళ్లీ వస్తే ఇంట్లో అవసరం ఉంటే డబ్బు తీసుకోవచ్చు, హక్కు వదులుకునే కాగితం మీద కాదు. బ్యాంకు ద్వారా తీసుకుని, రసీదు మీద మీ చేత్తో ఇలా రాయండి: ‘ఈ మొత్తాన్ని తాత్కాలిక సహాయంగా, మాకున్న ఏ హక్కుకూ భంగం లేకుండా స్వీకరిస్తున్నాం. పూర్తి పరిహారం కోసం చట్టప్రకారం వెళ్తాం.’ దానికి ఒప్పుకోకపోతే డబ్బు కూడా వద్దనండి. ఇప్పటికే ఇంట్లో ఎవరైనా సంతకం పెట్టేసి ఉంటే, దుఃఖంలో ఉన్నప్పుడు చదవనివ్వకుండా పెట్టించారని చెప్పి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 16, 19ఏ కింద దాన్ని సవాలు చేయవచ్చు. ఎంత త్వరగా చేస్తే అంత బలం. ముందుగా కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం పంపి, రసీదు, అందినట్టు వచ్చే కార్డు రెండూ దాచుకోండి.