సాక్షి సంతకం ఎవరిచేత పెట్టిస్తున్నారో చూసుకోండి ముందు

గుంటూరులో ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంది, నీకు పెళ్ళిలో కట్నం ఇచ్చేశాం ఇక వాటా లేదని అన్నయ్య అంటున్నాడు, వీలునామా రాయమని నాన్నని అడిగితే బాగోదేమో అని రాశారు కదా. అడగండి. బాగోకపోతే పోనీండి, ఆయన తర్వాత వచ్చే గొడవ ఇంకా బాగోదు.

ముందు ఆ కట్నం మాట. ఇల్లు ఆయన స్వార్జితమై, వీలునామా రాయకుండా ఆయన పోతే అమ్మకి, అన్నయ్యకి, మీకు సమానంగా వస్తుంది, నాన్నమ్మ ఉంటే ఆవిడకి కూడా. కట్నం తీసుకున్నంత మాత్రాన మీ వాటా పోదు. ఇది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే, అందరూ 2005 సవరణతో వచ్చిందనుకుంటారు. అప్పుడు మారింది పిత్రార్జితం, అంటే తాతముత్తాతల నుంచి వచ్చిన ఆస్తి సంగతి. అందులో ఆడపిల్లకి వాటా కూడా మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే ఇచ్చారు, కాకపోతే 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకే. మా అమ్మ పెళ్ళి 79లో, పిన్నిది 88లో. ఒక తండ్రి బిడ్డలే, తాతముత్తాతల పొలంలో పిన్నికి హక్కుంది, అమ్మకి 2005 దాకా లేదు! ఇదేం న్యాయమో.

సరే, మా ఇంటి భాగోతం. తాతయ్య రిటైర్డ్ హెడ్‌మాస్టరు, బ్రాడీపేటలో సొంత సంపాదనతో కట్టిన ఇల్లు. చివర్లో చూసుకుంది అమ్మే కాబట్టి ఇల్లు అమ్మకి రాశాడు. తెల్లకాగితం మీద, ముత్యాల్లాంటి అక్షరాలు, ఆ డాక్యుమెంట్ రైటర్ల ‘సదరు’లూ ‘మజ్కూరు’లూ లేకుండా. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులుంటే చాలు, అన్నీ కరెక్టుగానే చేశాడు. కానీ సాక్షులుగా పెట్టిందెవర్నయ్యా అంటే పొద్దున్నే తనతో వాకింగ్‌కొచ్చే ఇద్దరు ఫ్రెండ్స్‌ని. ముగ్గురూ 75 దాటినోళ్ళే.

ఒకాయన తాతయ్య కంటే ముందే పోయాడు. రెండో ఆయన తాతయ్య పెద్దకర్మ రోజు భోజనం చేసి వెళ్తూ "సంతకం పెట్టింది నేనేగా, నీకేం భయం లేదమ్మా" అన్నాడు, పెద్దమావయ్య దావా వేసిన రెండేళ్ళకి ఆయనా పోయాడు. ఇక చూడండి మా తిప్పలు. సాక్షుల్లో ఒక్కరైనా బతికుంటే కోర్టుకొచ్చి చెప్పాలి, రిజిస్టర్ చేసిన వీలునామా అయినా అంతే. ఇద్దరూ లేకపోతే కనీసం ఒక సాక్షి సంతకం ఆ సాక్షిదేనని, వీలునామా రాసినాయన సంతకం కూడా ఆయనదేనని రుజువు చేసుకోవాలి. ఆ రెండో సాక్షి కొడుకుని బతిమాలి రప్పిస్తే, పాల లెక్క రాసుకున్న పాత డైరీలు సంచీలో వేసుకొచ్చాడు, నెలాఖరున పాలవాడికి డబ్బులిచ్చి సంతకం పెట్టుకునే అలవాటంట వాళ్ళ నాన్నకి. ఆ పాల లెక్కలు కోర్టులో పేజీ పేజీ తిప్పారు. మావయ్య లాయరేమో ‘రావు’లో రా వంకర తేడాగా ఉందని అరగంట వాదించాడు, ఆ వయసులో చెయ్యి వణకదా అండీ? మధ్యలో వాయిదాలు, సెలవులు. ఆరేళ్ళు పట్టింది. పెళ్ళికి ఫంక్షన్ హాల్ ఏడాది ముందు బుక్ చేసేవాళ్ళం, ఈ కాగితం దగ్గర మాత్రం అపశకునం అంటాం.

కాబట్టి నాన్నగారిచేత రాయించేటప్పుడు సాక్షుల్లో ఒకళ్ళయినా ముప్ఫై ఏళ్ళవాళ్ళు ఉండేలా చూడండి, అదే ఊళ్ళో ఉండేవాళ్ళైతే ఇంకా మంచిది. రిజిస్టర్ కూడా చేయించండి. అన్నట్టు స్వార్జితం కాబట్టి ఆయనిష్టం, మీరు అడిగాక మొత్తం మీ అన్నయ్యకే రాసినా రాయొచ్చు, దానికి కూడా సిద్ధపడే అడగండి.

మేం గెలిచాం, ఇంట్లోనే ఉంటున్నాం. పెద్దమావయ్య స్కూటీ మీద మా వీధిలో వెళ్తే తల అటు తిప్పుకుంటాడు. హెల్మెట్ పెట్టుకున్నరోజు మాత్రం మా గేటు దగ్గర స్లో చేసి మరీ చూస్తాడు, మేం గుర్తుపట్టం అనుకుని.